నలభై పొట్లాలు

మా సిరికి ఇప్పుడు ఆరేళ్లు. నేను రాయబోయేది ఆమెకు నాలుగేళ్లు నిండిన ఏడాది సంగతి. అప్పుడే రాయాలనుకున్నాను. జిల్లా పేజీల డెస్కులో కూర్చుని పదిమంది రాసినవి దిద్దడం ఇరవై రెండేళ్లుగా నా పని. సొంత ఇంటి సంగతి వచ్చేసరికి మొదటి వాక్యం దగ్గరే చేయి ఆగిపోయింది. ఇప్పుడు కాస్త నిలదొక్కుకున్నాం. మాలాంటి ఇళ్లు ఈ జిల్లాలో ఎన్నో ఉన్నాయని ఈ రెండేళ్లలో తెలిసింది. కొంత వాళ్ల కోసం, కొంత నా కోసం రాస్తున్నాను.

జూన్

నిజామాబాద్‌లో ఖలీల్‌వాడి అంటే ఆసుపత్రులే. అక్కడ ఒక మేడ మీద, పిల్లల డాక్టరు గది బయట మూడు గంటలు కూర్చున్నాం. మిగతా పిల్లలు ఏడుస్తున్నారు, బెంచీల కింద దూరుతున్నారు. సిరి మాత్రం గోడ పక్కన నిలబడి, కుడి అరచేయి గోడకు ఆనించి, కళ్లు సగం మూసుకుని ఉంది. ఎక్కడికి తీసుకెళ్లినా అంతే. పిలిస్తే తిరగదు. రెండేళ్లప్పుడు వచ్చిన ‘అమ్మ’, ‘తాత’ అనే రెండు మాటలు కూడా ఎప్పుడో పోయాయి.

డాక్టరు ఆటిజం అన్నాడు. ఇది జ్వరంలా వచ్చిపోయేది కాదని, మందుతో తగ్గేది కాదని, ఓపికగా నేర్పుతూ ఉంటే పిల్ల తన పద్ధతిలో తాను ఎదుగుతుందని నిదానంగా చెప్పాడు. నాకు అర్థమైందనే అనుకున్నాను. కిందికి దిగాక బండి తాళం కోసం జేబులన్నీ వెతికాను. తాళం చేతిలోనే ఉంది.

మాది మోర్తాడ్‌లో పసుపు పండించుకునే ఇల్లు. మా అమ్మ, మేము ‘అవ్వ’ అని పిలుస్తాం, ఇప్పుడు నిజామాబాద్‌లో నాతోనే ఉంటుంది. విషయం చెబితే ఆమె తేలిగ్గా తీసుకుంది.

“పరేషాన్ గాకు బిడ్డా. నీకు గూడ ఐదేండ్లదాంక మాటలు రాలే. గిప్పుడు సూడు, ఊరందరి ముచ్చట్లు నువ్వే రాస్తున్నవ్.”

నేను నవ్వాను. నా భార్య సుజాత నవ్వలేదు.

వారానికి రెండుసార్లు థెరపీ మొదలైంది. నేర్పే ఆవిడ ఫర్హానా మేడమ్. చిన్న గది, నేల మీద చాప. సిరి ఆమె వైపు వీపు పెట్టి కూర్చుంటే, ఆమె కూడా అటు తిరిగి, సిరి చూస్తున్న కిటికీనే చూస్తూ కూర్చునేది. మూడో రోజు సుజాతకు ఏడుపు ఆగలేదు. మేడమ్ తన ఫ్లాస్కులోని చాయ్ మూతలో పోసి ఇచ్చింది.

“మాట గురించి ఇప్పుడే ఫికర్ చెయ్యకుండ్రి అమ్మా. మాట కంటె ముందు ఇంకోటి రావాలె. తను చూసిందేందో మీకు చూపియ్యాలె. ‘నువ్వు గూడ చూడు’ అన్నట్టు. అది వచ్చిన దినం నాకు ఫోన్ చెయ్యిండ్రి. ఏ టైమైనా పర్వాలేదు.”

ఆ మాట మేమిద్దరం విన్నాం. విని మరిచిపోయాం. మాకు కావలసింది మాట.

దసరా తర్వాత

నాలుగు నెలలు గడిచాయి. సిరిలో మార్పు కనిపించలేదు. సలహాలకు మాత్రం కొదవ లేదు. గోధుమలు మానిపించమన్నారు, పాలు మానిపించమన్నారు, ఒంటె పాలు తెప్పించమన్నారు, హైదరాబాద్‌లో ఆక్సిజన్ నింపిన గదిలో పడుకోబెట్టమన్నారు. ప్రతి సలహా వెనుక బాగుపడిన ఒక పిల్లాడు ఉండేవాడు. ఆ పిల్లాణ్ని కళ్లారా చూసినవాళ్లు మాత్రం ఒక్కరూ దొరికేవారు కాదు.

బోధన్ దాటి, మంజీర వంతెన అవతల ఒక ఊళ్లో పొడి ఇచ్చే పెద్దాయన ఉన్నాడని థెరపీ దగ్గర కూర్చున్న ఒక తల్లి సుజాతకు చెప్పింది. “పేపర్లో కూడా పడిందట,” అంది సుజాత. వెళ్లాం.

పొడవాటి రేకుల షెడ్డు. గుమ్మం ముందు గుట్టగా చెప్పులు. లోపల తెలుగు, మరాఠీ, ఉర్దూ కలిసి ఒకటే రొద. సిరి చెవులు మూసుకుంటే పక్కనున్న మరాఠీ ముసలమ్మ తన చీర కొంగు పిల్ల తల మీద కప్పి, చుట్టూ ఉన్నవాళ్లను గదమాయించింది. ఆ మూల కాసేపు నిశ్శబ్దంగా ఉంది. ఆమె మనవడు పన్నెండేళ్లవాడు, గోడకు ఆనుకుని ఊగుతున్నాడు. ఎన్నేళ్లుగా వస్తున్నారని సైగతో అడిగాను. నాలుగు వేళ్లు చూపించింది.

అప్పుడు చూశాను, గోడ మీద ప్లాస్టిక్ కవరు వేసి అంటించిన పేపరు ముక్క. ‘మాట రాని పిల్లలకు మాటనిచ్చే పొడి’.

ఆ శీర్షిక పెట్టింది నేనే.

చాలా ఏళ్ల కిందటి సంగతి. ఊరి విలేకరి పంపిన వార్త. ‘మాటనిస్తుందంటున్నారు’ అని ఉండాలి. అది ఆ కాలమ్‌లో పట్టలేదు. పేజీ అచ్చుకు వదలాల్సిన టైమయింది. ‘అంటున్నారు’ తీసేశాను. అందులో ఇద్దరు పిల్లల పేర్లున్నాయి. వాళ్లు తర్వాత ఎలా ఉన్నారో చూసి రమ్మని నేను ఎవరినీ పంపలేదు. అది నా డెస్కులో దిద్దిన వేల ముక్కల్లో ఒకటి, అంతే. ఇక్కడ మాత్రం దాని కింద అగరుబత్తి గుచ్చారు.

పొడి ఇచ్చే ఆయన మోసగాడిలా లేడు. అదే కష్టం. మెత్తని గొంతు, నిదానమైన చూపు. సిరి అప్పటికే వెళ్లి గోడకు చేయి ఆనించింది. ఆయన కాసేపు చూశాడు.

“తలల వేడి ఉన్నది తల్లీ. చల్లదనం కోసం గోడ పట్టుకుంటున్నది పిల్ల.”

సుజాత కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇన్ని నెలల్లో ఆ చేయి ఎందుకు గోడ మీద ఉంటుందో చెప్పినవాడు ఆయన ఒక్కడే.

“నలభై దినాలు పొద్దుగాల తేనెల పొడి ఇయ్యిండ్రి. ఆ తర్వాత తల్లీబిడ్డలు ఆరు నెలలు ఈడనే ఉండాలె. బడి బంద్, ఆ మాటలు నేర్పే క్లాసులు బంద్. అవి నడుస్తుంటే నా మందు పని చెయ్యది.”

తిరిగి వస్తూ ఎడపల్లి దగ్గర చాయ్ కొట్టు ముందు బండి ఆపాను. ఆ శీర్షిక సంగతి సుజాతకు చెప్పాను. ఆమె చాయ్ గ్లాసు తాగకుండానే బల్ల మీద పెట్టింది.

“అప్పుడు రాసింది అబద్ధమా, ఇప్పుడు చెప్పేది అబద్ధమా?”

“అప్పుడు సరిగ సూడలే సుజా.”

“ఇప్పుడు చూస్తున్నారా? చూడకుండానే వద్దంటున్నారు. ఆరు నెలల్లో నా పిల్లకు మాటొస్తే మీరేం కోల్పోతారు?”

జవాబు ఉంది. ఆరు నెలలు ఫర్హానా మేడమ్ పాఠాలు ఆపేస్తే, ఆ వయసులో నేర్చుకోవలసినవి ఆగిపోతాయని డాక్టరు చెప్పాడు. కానీ ఆ శీర్షిక పెట్టిన నోటితో ఆ మాట చెప్పలేకపోయాను.

డిసెంబరు

సుజాత వాళ్ల తాత కాలువ కింది భూముల కోసం కృష్ణా జిల్లా నుంచి ఇటు వచ్చి స్థిరపడ్డవాడు. వాళ్ల నాన్న, మా మామగారు వెంకట్రావు గారు, బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ నడిచినన్నాళ్లూ అక్కడి లాబులో పనిచేశారు. రైతుల చెరుకులో తీపి ఎంతుందో పరీక్షించడం ఆయన ఉద్యోగం. ఫ్యాక్టరీ ఆగి ఏళ్లయింది. అత్తగారు పోయాక ఆయన ఎడపల్లిలో రోడ్డు పక్క ఇంట్లో ఒక్కరే ఉంటున్నారు. కోతల కాలంలో ఇప్పటికీ పొద్దున్నే వరండాలో కుర్చీ వేసుకుని, వేరే ఫ్యాక్టరీలకు ఆ దారిన పోయే చెరుకు ట్రాక్టర్లను టైము వేసి నోటుపుస్తకంలో రాసుకుంటారు. ఎవరికోసమని అడిగితే, “అలవాటండీ,” అంటారు.

తగువు ఆయన దగ్గరికి వెళ్లింది. ఆయన ఎవరి పక్షమూ మాట్లాడలేదు. పొడి పొట్లం అరచేతిలో పెట్టుకుని రెండుసార్లు ఎగరేశారు. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

“అల్లుడుగారూ, మా లాబులో బల్ల మీదికి చెరుకు ముక్కలు వచ్చేటప్పుడు రైతు పేరు ఉండేది కాదు. బిళ్ల మీద నంబరే ఉండేది. ఎందుకో తెలుసా?”

“ఎందుకు మామయ్యా?”

“మా బావ చెరుకని తెలిస్తే నాకది తియ్యగానే ఉంటదండీ. మీటరు చూసేది కూడా ఈ కళ్లే కదా.”

ఆయన చెప్పిన పద్ధతి ఇది. నలభై పొట్లాలూ ఆయనే కడతారు. సగం పొట్లాల్లో పొడి, సగంలో మాడేదాకా వేయించిన బియ్యప్పిండి. రంగు ఒకటే, తేనెలో రుచీ తెలియదు. పైన నంబర్లే ఉంటాయి. ఏ నంబరులో ఏముందో ఆయన ఒక కవరులో రాసి అంటించి బీరువాలో పెడతారు. సుజాత, సిరి నలభై రోజులు ఎడపల్లిలోనే ఉండాలి. రోజూ ఎవరికి వాళ్లం, సిరి ఆ రోజు ఎలా ఉందో, అది మందు రోజో కాదో చీటీ మీద రాసి బిస్కట్ డబ్బాలో వేయాలి. ఒకరి చీటీ ఇంకొకరు చూడకూడదు. థెరపీ మాత్రం ఆపకూడదు.

“రెండు మార్చితే ఏది పనిచేసిందో తెలియదమ్మా. ఒక్కటే మారుద్దాం,” అన్నారు కూతురితో.

సుజాత ఒప్పుకుంది, నాకు చూపించవచ్చని. నేనూ ఒప్పుకున్నాను, ఆమెకు చూపించవచ్చని. డబ్బా చెప్పినట్టే చేద్దామని ఇద్దరం మాట ఇచ్చుకున్నాం.

నా పని మధ్యాహ్నం మొదలవుతుంది. కాబట్టి రోజూ పొద్దున నిజామాబాద్ నుంచి బండి మీద వెళ్లి, పన్నెండు దాకా సిరిని చూసి, చీటీ రాసి వచ్చేవాణ్ని. అంతకుముందు ఎప్పుడూ నా కూతురిని అంతసేపు చూసింది లేదు. ఎండ కిటికీ చువ్వల మధ్య నుంచి నేల మీద పడితే, ఆ గీతల మధ్య మాత్రమే అడుగులు వేసేది. ఎండతో పాటు గీతలు జరిగితే ఆమె కూడా జరిగేది. స్టీలు గ్లాసు అంచును గోరుతో మీటి చెవి దగ్గర పెట్టుకుని, ఆ ధ్వని పూర్తిగా ఆగిపోయేదాకా కదిలేది కాదు. నాకు ఆగిపోయిందనిపించాక కూడా ఆమె ఇంకా వింటూనే ఉండేది.

తొమ్మిదో రోజు చెంచా తనే పట్టుకుంది. పద్నాలుగో రోజు అవ్వ చూడ్డానికి వస్తే, ఆమె ఒళ్లో పావుగంట కూర్చుంది. పందొమ్మిదో రోజు తాత పక్కన పడుకుని ఆయన చొక్కా గుండీలు లెక్కపెట్టినట్టు తడిమింది. సుజాత ముఖంలో వెలుగు వచ్చింది. ఏమీ అనేది కాదు, చీటీ మడిచి డబ్బాలో వేసేటప్పుడు మాత్రం నా వైపు ఒక చూపు చూసేది. నాకు భయం పట్టుకుంది. ఆ పొడి నిజంగా పనిచేస్తోందేమో. పనిచేస్తే బాగుండుననీ అనిపించింది, పనిచేయకపోతే బాగుండుననీ అనిపించింది. ఈ రెండో కోరికకు నేను ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

నలభై ఒకటో రోజు

మధ్యాహ్నం సెలవు పెట్టాను. అవ్వ కూడా బస్సులో వచ్చింది. మామగారు చీటీలన్నీ బల్ల మీద వరసగా పేర్చారు. సుజాత సగానికి పైగా పొట్లాల్లో మందు ఉందని రాసింది. ఆ చీటీల్లో ‘చురుగ్గా ఉంది’, ‘కళ్లలోకి చూసింది’, ‘హాయిగా నిద్రపోయింది’ అని ఉంది. నేనూ కొన్నింటిని మందు రోజులని రాశాను. నా చీటీల్లో ‘నీరసంగా ఉంది’, ‘అన్నం సరిగా తినలేదు’, ‘చిరాకు’ అని ఉంది.

మామగారు కవరు చింపి కాగితం సుజాతకు ఇచ్చారు. అందులో ఒకటే వరస. ‘ఒకటి నుంచి నలభై వరకు: బియ్యప్పిండి’.

ఆమె కాగితం తిప్పి వెనుక వైపు కూడా చూసింది.

“మోసం చేశావు నాన్నా.”

“చేశానమ్మా.” ఆయన తల దించుకోలేదు. “ఆకుల పొడి అని ఇచ్చాడు. ఆకుల పొడి అంత బరువుండదు. ముప్పై ఏళ్లు పొడులూ పిప్పులూ తూచిన చెయ్యి ఇది. లోపల ఏదో లోహం ఉందనిపించింది. అదేంటో తెలీకుండా నా మనవరాలి నోట్లో ఎలా పెట్టనూ? అసలు పొడి హైదరాబాద్‌లో మా పాత స్నేహితుడి లాబుకు పంపాను. ఆ సంగతి ముందే చెబితే నువ్వు ఆ షెడ్డుకు వెళ్లిపోయేదానివి.”

అవ్వ పక్కనున్న సిరి బుగ్గ పట్టుకుంది.

“అయితే నలభై దినాలు పిల్లకు బియ్యప్పిండి, తేనె తినిపిచ్చిన్రా అన్నా? నేననుకుంటనే ఉన్న, జర బుగ్గలు అచ్చినయని.”

ఎవరూ నవ్వలేదు. సుజాత లేచి లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. రెండు రోజులు తండ్రికి కంచంలో అన్నం పెట్టి మాట్లాడకుండా వెళ్లిపోయేది. ఆయన మాట్లాడకుండా తినేవారు.

నేను నా చీటీలు మళ్లీ మళ్లీ చూసుకున్నాను. సుజాత నమ్మకంతో మోసపోయింది. నేను అపనమ్మకంతో మోసపోయాను. ఒకే పిల్ల, ఒకే బియ్యప్పిండి. పిల్ల కళ్లలో సుజాత వెలుగు చూసిన రోజునే నేను నీరసం చూశాను. రాసిన ప్రతి మాటా నిజమనే రాశాను. ఇరవై రెండేళ్లుగా ఎవరో చూశామని చెప్పినవి అచ్చుకు పంపుతున్నవాణ్ని. చూడడం ఇంత గొప్ప సంగతని, ఇంత ప్రమాదమైన సంగతని నాకు ఆ బల్ల దగ్గరే తెలిసింది.

మరి ఆ చెంచా, అవ్వ ఒడి, తాత గుండీలు? అవి నిజంగానే జరిగాయి. పొడి లేకుండానే జరిగాయి. పిల్ల పెరుగుతోంది. మేము నలభై రోజులు కూర్చుని చూడడం వల్ల మాకు కనిపించింది.

మూడో రోజు పొద్దున నేను వెళ్లేసరికి సుజాత వరండాలో మామగారి నోటుపుస్తకం ముందు పెట్టుకుని ఉంది. మాకు చీటీలు ఇచ్చిన ఆయన తన కోసం ఏ అభిప్రాయమూ రాసుకోలేదు. సిరి ఏం చేసిందో, ఎన్ని గంటలకో, అంతే. అదే పేజీ మార్జిన్‌లో ఆయన పాత అలవాటు ప్రకారం చెరుకు ట్రాక్టర్ల టైములు.

“ఇటు రండి,” అంది. “తొమ్మిదీ పది, గోడకు చేయి పెట్టింది. తొమ్మిదీ పదకొండు, లోడు ట్రాక్టరు. పదీ ఇరవై రెండు, గోడ. పదీ ఇరవై మూడు, లోడు. ఇది చూడండి. మధ్యాహ్నం అంతా ఖాళీ ట్రాలీలు తిరిగి వస్తున్నాయి. ఒక్కసారి కూడా గోడ దగ్గరికి వెళ్లలేదు.”

పేజీలు తిప్పుతూ పోయాం. అన్ని రోజులూ అలాగే లేదు, కొన్నిసార్లు గోడ ఉంది, ట్రాక్టరు లేదు. కానీ చాలా రోజులు అలాగే ఉంది. మామగారు మా వెనుక వచ్చి నిలబడ్డారు. ముప్పై ఏళ్ల లాబు మనిషి, తాను రాసిన రెండు వరసలూ తానే కలిపి చదవలేదు.

“మలుపు అవతల కాలువ కల్వర్టు ఉందమ్మా. లోడు ట్రాలీలు దాని మీద దబ్బున దిగుతాయి,” అన్నారు మెల్లగా. “నేల అదురుద్ది. మనకి తెలీదు.”

అప్పుడే సిరి లోపలి నుంచి వచ్చి గోడకు అరచేయి ఆనించింది. సుజాత లేచి వెళ్లి తన చేయి కూడా పక్కనే పెట్టింది. రోడ్డు ఖాళీగా ఉంది. నేను గడియారం చూసుకున్నాను. మలుపు తిరిగి రెండు ట్రాలీల నిండా చెరుకుతో ట్రాక్టరు వచ్చింది. సిరి నవ్వింది. ఆ నవ్వు మేము ఎన్నోసార్లు చూశాం. ఊరికే నవ్వుతుందని, అదీ జబ్బులో భాగమేనని అనుకున్నాం.

ఖలీల్‌వాడిలో సిరి గోడ పట్టుకుని నిలబడిన ఆ మేడ మెట్ల కింద జనరేటరు ఉన్న సంగతి నాకు గుర్తొచ్చింది.

సుజాత తండ్రి వైపు తిరిగింది. “నాన్నా, టీ పెట్టనా?” అంది. రెండు రోజుల తర్వాత ఆమె తండ్రితో అన్న మొదటి మాట అదే.

అదే రోజు ఆమె షెడ్డువాళ్లకు ఫోన్ చేసి, మేము రావడం లేదని చెప్పింది. వారం తర్వాత హైదరాబాద్ నుంచి కాగితం వచ్చింది. పొడిలో సీసం ఉంది. మామగారు ఆ కాగితం చదివి, బయటికి వెళ్లి, చాలాసేపు చేతులు కడుక్కున్నారు.

ఇప్పుడు

సిరికి మాటలు వచ్చాయా అని అడుగుతారు. ఆరేళ్లు నిండాయి. ‘నీళ్లు’ వచ్చింది, ‘వద్దు’ వచ్చింది. ‘వద్దు’ బాగా వచ్చింది. గోడ గురించి ఫర్హానా మేడమ్‌కు చెబితే ఆశ్చర్యపోలేదు. కొందరు పిల్లలకు అదురు, ధ్వని మనకంటే ఎక్కువ తెలుస్తాయని, మహిమ అని పేరు పెట్టి మళ్లీ ఇంకో షెడ్డు కట్టుకోవద్దని చెప్పింది. పెద్ద గిన్నె బోర్లించి వాయిస్తూ, దాని మీద సిరి చేయి పెట్టించి, ఆ అదురుతోనే నేర్పేలా పాఠాలు మార్చింది.

నాలాంటి తల్లిదండ్రులకు నేను చెప్పగలిగింది కొంచెమే. ఎవరైనా మందు ఇస్తూ ‘మిగతావి బంద్ చెయ్యండి’ అంటే, అక్కడే చెప్పులు వేసుకుని వచ్చేయండి. ఏది ఇచ్చినా అందులో ఏముందో తెలియకుండా పిల్ల నోట్లో పెట్టకండి. మాలా ఇంట్లో పొట్లాలు కట్టి పరీక్షలు చేయకండి. మా మామగారు అబద్ధం చెప్పబట్టి మేము బయటపడ్డాం. అందరి ఇంట్లో అలాంటి అబద్ధాలకోరు ఉండడు. బాగైందని మీ కళ్లే చెబుతున్నా, వాటిని కూడా ఒకసారి అనుమానించండి.

పోయిన నెల మళ్లీ మంజీర దాటి వెళ్లాను. గోడ మీది ముక్క తీసేయమని అడిగాను. “పేపర్ల పడ్డది గద సార్, ఎట్ల తీస్తం?” అన్నాడు అక్కడి మనిషి. అందులో పేరున్న ఇద్దరు పిల్లల్లో ఒకరి ఇల్లు దొరికింది. ఇప్పుడు పెద్దవాడు. మాట రాలేదు. వాళ్లమ్మ నాకు మంచినీళ్లిచ్చి, ఇన్నేళ్లకు అడగడానికి వచ్చింది నువ్వే అంది. ఆ వార్త ఈసారి పూర్తిగా రాసి ఇచ్చాను. అచ్చయింది. మొదటిదానికంటే చిన్నగా.

ఈ ఏడాది కోతలు మొదలయ్యాక ఒక ఆదివారం ఎడపల్లిలో వరండాలో కూర్చుని పేపరు చదువుతున్నాను. సిరి వచ్చి నా మణికట్టు పట్టుకుని లాగింది. నీళ్ల కోసమేమో అనుకుని లేచాను. గోడ దగ్గరికి తీసుకెళ్లి, నా అరచేయి గోడకు ఆనించింది. నాకేమీ తెలియలేదు. ఆమె తల ఎత్తి నా ముఖంలోకి చూసింది. అలా కళ్లలోకి చూస్తూ ఎంతసేపు ఉందో చెప్పలేను. నాకు తెలియలేదని ఆమెకు అర్థమైంది కాబోలు, నా చేయిని జానెడు కిందికి జరిపి, పైన తన చేయి పెట్టి గట్టిగా నొక్కింది.

మలుపులో ట్రాక్టరు కనిపించింది.

రెండో చేత్తో జేబులోంచి ఫోను తీసి ఫర్హానా మేడమ్ నంబరు నొక్కాను.